శుక్రుడు సూర్యుణ్ణి దాటిన పొద్దు

1874 డిసెంబరు 9, విశాఖపట్నం. పొద్దున ఏడు దాటింది. మామగారు గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాలలో అంకితం వెంకట నరసింగరావు దుర్భిణికి కన్ను ఆనించారు. సూర్యబింబం అంచున చిన్న నొక్కు పడాలి. పడిందంటే శుక్రుడు వచ్చేసినట్టే.

ఆ శుక్రుడి కథ వెనక గెలీలియో ఉన్నాడు. గెలీలియో నాటకం అనగానే మనకు విచారణ ఘట్టమే గుర్తొస్తుంది. 1633, రోమ్, మోకరిల్లిన డెబ్బైకి చేరువైన ముసలాయన. గుండె పిండేసే ఘట్టమే. కానీ అసలు కథ అంతకుముందే, 1610 చివర్లో మొదలైంది. ఆయన దుర్భిణిలో శుక్రుడు చంద్రుడిలాగే పెరిగాడు, తరిగాడు. సూర్యుడి చుట్టూ తిరగనిదే అలా కనబడడు. 1631లో ఆ గ్రహం సూర్యబింబం మీదుగా వెళ్తుందని కెప్లర్ లెక్కగట్టాడు.

అదే కథలో తర్వాతి అంకం మనవాళ్లది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారిది పంచాంగకర్తల కుటుంబం. 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రం వెలుగు మారుతోందని పట్టుకున్నారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి మన వనపర్తి వచ్చారు. 1874లో శుక్రుడు సూర్యుణ్ణి దాటడం గురించి చిన్న పుస్తకం రాశారు. అందులో ఓ పండితుడు, ఓ సిద్ధాంతి మాట్లాడుకుంటారు. 1632లో గెలీలియో తన పుస్తకంలో ముగ్గురి చేత మాట్లాడించాడు, ఈయన ఇద్దరి చేత. కన్నడంతో సహా దేశభాషల్లోకి వెళ్లిందా పుస్తకం. చూసి నమ్మమని జనం భాషలో చెప్పడం, నా దృష్టిలో, కనిపెట్టడమంత పెద్ద పని.

ఆ డిసెంబరు పొద్దున దేశదేశాల పరిశీలకులకు ఒకటే చిక్కు. శుక్రుడు పూర్తిగా లోపలికి వచ్చాక కూడా ఆ నల్లచుక్క అంచును వదలదు, జిగురులా సాగుతుంది. ఏ క్షణం రాసుకోవాలి? వేర్వేరు ఊళ్లలో రాసుకున్న ఆ క్షణాలను పోల్చితేనే సూర్యుడి దూరం తేలుతుంది. అది సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. విశాఖలో నరసింగరావు రాసుకున్నది లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకెక్కింది.

మా ఊరు గోలేటి పిల్లలు సైన్సు దినోత్సవానికి నాటకం వేస్తే, గెలీలియో పక్కన ఈ పండితుణ్ణీ సిద్ధాంతినీ నిలబెట్టండి. పండితుడి ప్రశ్నలు మన ఊరి మాటలోనే అడిగించండి.