విద్యకు వ్యయం – మదరాసు రాజధాని చరిత్ర చెప్పే పాఠం

ప్రభుత్వం విద్యకు ఎంత వెచ్చిస్తుందన్నది పాలకుల సద్భావం ఒక్కదానిపైనే ఆధారపడదు. రాబడి ఏ మార్గాన వస్తున్నది, అందులో రాష్ట్రానికి మిగిలేదెంత, ప్రజలు పట్టుబట్టి కోరేదేమిటి అన్న మూడు ప్రశ్నల సమాధానమే విద్యావ్యయం. మన పెద్దలు తరతరాలుగా నివసించిన మదరాసు రాజధాని చరిత్రే ఇందుకు నిదర్శనం.

1854 నాటి ఉడ్ విద్యా తాఖీదు ప్రైవేటు పాఠశాలలకు సహాయక గ్రాంటు పద్ధతిని ప్రతిపాదించింది. గ్రాంటు రావాలంటే ముందుగా స్థానికుల సొమ్ము ఉండాలి. కనుక దాతలున్న ఊళ్లకే అది సులభసాధ్యమైంది. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు విద్యాపన్ను విధించే అధికారమిచ్చినా, కలిగిన ఊరికీ పేద ఊరికీ నడుమ వ్యత్యాసం తొలగలేదు.

1920 డిసెంబరులో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడి విద్య మంత్రుల చేతికి వచ్చింది. గంజాం ప్రాంతీయులైన సర్ ఎ.పి. పాత్రో ఆ శాఖను నిర్వహించారు. కాని ఆర్థికశాఖ గవర్నరు కార్యనిర్వాహక మండలి అధీనంలోనే ఉండిపోయింది. పైగా మెస్టన్ నిర్ణయం మదరాసుపై కేంద్రానికి ఏటా 348 లక్షల రూపాయల చెల్లింపును మోపింది. రాబడిలో ఆబ్కారీది పెద్ద భాగం. బడి నడవాలంటే కల్లు దుకాణం నడవాలన్న విషమస్థితి అది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను ప్రవేశపెట్టారు.

ఆయనే 1953లో నిధుల కొరతను ఒక కారణంగా చూపి, గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒంటిపూట చదువు, మిగిలిన పూట కులవృత్తి అనిపించే పథకం తెచ్చారు. తీవ్రమైన వ్యతిరేకత చెలరేగింది. 1954లో కామరాజ్ దానిని రద్దుచేశారు. కొత్త బడులు తెరిపించి, 1956లో మధ్యాహ్న భోజన పథకాన్ని విస్తరింపజేశారు. ఏడాదిలో ఖజానా నిండిపోలేదు. ప్రజాభిప్రాయం ప్రాధాన్యాలను మార్చింది.

1956లోనే రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధన కల్పించాలని నిర్దేశించింది. కాని ఆ అధికరణం తనతో నిధిని తీసుకురాలేదు. 1976లో 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చినా, ఉపాధ్యాయుల జీతభారం ప్రధానంగా రాష్ట్రాలదే. ఎయిడెడ్ పాఠశాలలో ఉపాధ్యాయ పదవులు విద్యార్థుల సంఖ్యను బట్టి మంజూరవుతాయి. తెలుగు తరగతిలో పిల్లలు తగ్గితే పదవి పోతుంది. పోయిన పదవిని తిరిగి సాధించడం దుష్కరం. అందువల్ల బడ్జెటు శాసనసభలో ఆమోదం పొందినా, మన పాఠశాల వాటా మాత్రం తల్లిదండ్రులు హాజరుపట్టీలో చేర్పించే పేర్లతోనే మొదలవుతుంది.