సపిండులెవరు?

న్యాయవిద్య ప్రథమ సంవత్సరంలో రాజ్యాంగ చట్టం, ఒప్పందాల చట్టాలతో పాటు కుటుంబ చట్టాన్ని అభ్యసిస్తారు. అందులో హిందూ దాయ విషయానికి ప్రధాన ఆధారాలలో ఒకటి మితాక్షర. కల్యాణి చాళుక్య ప్రభువు ఆరవ విక్రమాదిత్యుని కాలంలో (1076-1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన వ్యాఖ్యానమిది. 13వ శతాబ్దిలో కేతన దీనిని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు.

వంగదేశంలో ‘దాయభాగ’ కర్త జీమూతవాహనుడు పిండమంటే శ్రాద్ధపిండమన్నాడు. పిండప్రదానంతో పితరులకు ఉపకరించే యోగ్యతను బట్టే దాయార్హతను నిర్ణయించాడు. విజ్ఞానేశ్వరుడు పిండమంటే దేహమన్నాడు; ఏకశరీరపు అంశలను పంచుకొన్నవారే సపిండులు. ఒక్క పదానికి చెప్పిన అర్థభేదం వల్ల వారసుల క్రమమే మారిపోయింది.

దేహసంబంధమే ప్రమాణమైతే పుత్రిక సైతం పితృదేహాంశమే కదా! అయినా ఉమ్మడి ఆస్తిలో జన్మసిద్ధమైన హక్కు చిరకాలం పుత్రులకే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి అవివాహితలైన పుత్రికలకు ఆ హక్కును కల్పించింది. 2005లో కేంద్ర సవరణ దానిని దేశవ్యాప్తం చేసింది. శాస్త్రం ఎరిగిన సంబంధాన్ని దాయం అంగీకరించడానికి సుమారు తొమ్మిది శతాబ్దాలు పట్టింది.