ఒంగోలు క్రైస్తవసంఘాభివృద్ధి: కఱవు కారణమా, బోధ కారణమా?

1878వ సంవత్సరము జూలై 3వ తేదీని ఒంగోలునకు ఉత్తరమున, గుండ్లకమ్మ యేటియొడ్డున వెల్లంపల్లికడ, ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకు ముందునాఁడు 614 మందియు, మఱునాఁడు 700 మందియు పొందఁగా మూఁడుదినముల మొత్తము 3,536 అయ్యెను. ఆ యేఁడు జూన్ నడిమినుండి డిసెంబరు చివఱవఱకు ఒంగోలు సంఘమునఁ జేరినవారు 9,606 మంది. దక్షిణదేశమును మలమల మాడ్చిన 1876–78 సంవత్సరముల మహాక్షామమునకు వెంటనే యిది జరిగినందున, అన్నముకొఱకు వీరు మతము మార్చుకొనిరను మాట నాఁటినుండియు వినవచ్చుచున్నది. ఈ యభిప్రాయమెంతవఱకు నిలుచునో కాలక్రమము ననుసరించి విచారింపవలసియున్నది.

అమెరికా బాప్టిస్టు మిషనుపక్షమున సామ్యూల్ డే తెలుఁగుదేశమునకు వచ్చినది 1836లో. ఆయన 1840లో నెల్లూరు చేరెను. ఆ యేఁటనే పెన్నానదిలో మొదటి తెలుఁగు విశ్వాసి బాప్తిస్మము పొందెను. 1844లో నెల్లూరున సంఘ మేర్పడెను. అయినను పదునైదేండ్లు గడచినను చేరినవారు మిక్కిలి కొలఁది. 1853లో ఆల్బనీనగరమున జరిగిన మిషను వార్షికసభలో ఈ నెల్లూరు శాఖను మూసివేయుదమా యను చర్చ బయలుదేఱెను. ఆ సందర్భమున సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్తు రచించిన పద్యమువలననే దీనికి ‘ఒంటిచుక్క’ యను పేరు ప్రసిద్ధమయ్యెను. 1849లో వచ్చిన లైమన్ జూయెట్టు పట్టుదలయే దీనిని నిలిపినదనవచ్చును. ఆయన 1854 జనవరి 1వ తేదీని కొందఱు సహచరులతో ఒంగోలు కొండపైఁ బ్రార్థన చేసెను. ఆ స్థలము తరువాత ప్రార్థనకొండ యని వ్యవహరింపఁబడెను. 1865లో నెల్లూరు చేరిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలున స్థిరపడెను. 1867 జనవరి 1వ తేదీని అచట సంఘము స్థాపింపఁబడినప్పుడు సభ్యు లెనమండుగురే.

అభివృద్ధికి మొదటిబీజము దొరతనమువారినుండి గాని, దొరలనుండి గాని వచ్చినది కాదు. తాళ్లకొండపాటి మాదిగపల్లెనుండి వచ్చినది. యఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్లవ్యాపారము చేయువాఁడు. అంతకుముందే రాజయోగమార్గము నవలంబించి, గురూపదేశము పొంది, విగ్రహారాధనమునందు నమ్మిక వదలినవాఁడు. వ్యాపారమునకై ఉత్తరదిక్కునకుఁ బోయినపు డేలూరుప్రాంతమునఁ గ్రైస్తవబోధ విని, దానిని మనసునఁ బెట్టుకొని తిరిగివచ్చి, 1866లో బాప్తిస్మము పొందెను. ఆతఁడు తన బంధువులకును, తన యోగమార్గపు సహచరులకును తానెఱిఁగిన దానిని తన మాటలతోనే చెప్పెను. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాటికిఁ బోవునప్పటికే చుట్టుపట్ల పల్లెలవారు ఆయనకొఱకు వేచియుండిరి. చింతతోపులో కొన్నిదినములు బోధించి, ప్రశ్నించి, పిమ్మట 28 మందికి బాప్తిస్మ మిచ్చెను. పరమార్థమును వెదకు నలవాటు ముందే కలవారియందు ఈ బోధ వేళ్లు దన్నెనని దీనివలనఁ దెలియును.

అప్పుడే యొక క్లిష్టసమస్య యెదురయ్యెను. మాదిగలను జేర్చుకొనకున్నచో మేము వచ్చెదమని ఒంగోలున నున్నతవర్ణములవారు కొందఱు సూచించిరి. సంఖ్యయు, పలుకుబడియు, ధనమును కోరువానికిది చక్కని యవకాశము. క్లౌయు నాయన భార్యయు వేర్వేఱుగా వేదపుస్తకమును విప్పఁగా, ఇద్దఱికిని కొరింథీయులకు వ్రాసిన మొదటిపత్రికలోని మొదటి యధ్యాయమే కనఁబడినదనియు, దేవుఁడు లోకమునందు నీచులైనవారి నేర్పఱచుకొనెనను భావము నటఁ జదివి నిశ్చయము చేసికొనిరనియు క్లౌ చెప్పుకొనెను. ఆ నిశ్చయమువలన వా రున్నతవర్ణములవారి యాదరమును గోలుపోయిరి. సంఖ్యకంటె సిద్ధాంతమును ముందుంచిన తొలి సందర్భ మిది.

చేరఁగోరువారికి విధించిన నియమములు మూఁడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుట కివి స్వల్పములు. కాని పల్లెలో నివి బ్రతుకుతెరువునే తాఁకినవి. ఆదివారము పనికి రాననిన కాపు కోపించును. జాతరలో డప్పు కొట్టననిన ఊరంతయు నాగ్రహించును. నూతినీరు, కూలి, పొలమునకుఁ బోవు దారి మొదలగువానిని నిరోధించి విశ్వాసులను బాధించిన యూళ్లు పెక్కులుండెను. కఱవు రాకమున్నే యీ కష్టములకు లోఁబడి నిలిచినవారిని ధాన్యాశచేఁ జేరినవారనుట పొసఁగదు.

బోధకుల నడుపు విధానమును గమనింపఁదగినది. దేశమున గురువులకు శిష్యులు భోజనము పెట్టు నాచారము ననుసరించియే పల్లెలవారు తమ బోధకులను పోషించుట నేర్చిరి. మూఁడుమాసముల కొకమాఱు బోధకులందఱు ఒంగోలున సమావేశమై, జరిగినదాని నివేదించి, క్రొత్తపాఠములు నేర్చుకొని పల్లెలకు మరలుచుండిరి. 1872లో రామాపట్టణమున వేదాంతపాఠశాల నెలకొల్పఁబడి, పల్లెబోధకులకుఁ గ్రమమైన శిక్షణము దొరకెను. ఇట్లు ఎనమండుగురితో నారంభించిన సంఘము పదియేండ్లలో, కఱవునకు ముందే, వేలసంఖ్యకుఁ బెరిగెను.

అంతట క్షామము వచ్చెను. క్లౌ పూర్వాశ్రమమున భూమి కొలత పని యెఱిఁగినవాఁడగుటచే, బకింగుహాము కాలువలో సుమారు మూఁడున్నర మైళ్లు త్రవ్వించు గుత్త తీసికొని, ఆఁకలిగొన్నవారికి బిచ్చము గాక కూలి దొరకునట్లు చేసెను. బోధకులే మేస్త్రీలైరి. పని నిలిచిన వేళలందుఁ గూలివారి నడుమఁ గూర్చుండి మాటాడిరి. దూరపుపల్లెలవారు ఎన్నఁడు వినని బోధను అచట వినిరి. అనేకులు బాప్తిస్మము నడిగిరి. కాని సహాయద్రవ్యము చేతిలో నున్నంతకాలము ఎవ్వరిని జేర్చుకొనరాదని క్లౌ నిశ్చయించి, ఏఁడాదికిఁ బైగా బాప్తిస్మములను నిలిపివైచెను. ఈ వివాదమున ముఖ్యప్రమాణ మిదియే.

1878 జూన్ నాఁటికి సహాయకార్యములు ముగిసెను. ఇఁక నిచ్చుటకు ద్రవ్యము లేదని తెలిసియు జనులు వచ్చిరి. వెల్లంపల్లికడఁ గూడినవారిని తిరిగిపొండని చెప్పినను పోరైరి. తాము సొమ్ము కోరుటలేదనియు, కష్టపడి బ్రతికితిమనియు, సంఘమునఁ జేర్చుకొనుమనియు వేఁడుకొనిరి. అంతట వారిని ఊరూరివారిగా విడఁదీసి, ఆ యా ప్రాంతపు బోధకులచే విచారింపఁజేసి, తెలిసిన వారినే యంగీకరించిరి. జూలై 3వ తేదీని ఏటిలో బాప్తిస్మ మిచ్చినవా రాఱుగురు దేశీయబోధకులు. ఇద్దఱిద్దఱుగా వంతులు మార్చుకొనుచు నిచ్చిరి.

ఇందువలన కఱవున కేమియు సంబంధము లేదని చెప్పరాదు. కఱవు పాతకట్లను సడలించెను. క్రైస్తవుల దయను వేలమందికిఁ గన్నులకుఁ గట్టించెను. బోధకుని మాట వినుటకుఁ దీఱిక కలిగించెను. ఇంతవఱ కంగీకరింపవలసినదే. అయితే వినిపించుటకు బోధకులు ముందే సిద్ధముగా నుండిరి. చేరినవారిని గుర్తించుటకుఁ బల్లెలలోఁ జిన్నసంఘములు ముందే యుండెను. ఆ పన్నెండేండ్ల పునాది లేకున్నచో తొమ్మిదివేలమంది వచ్చినను వారిని నిలుపువారు లేకపోయెడివారు.

తరువాతి చరిత్ర యీ విషయమునే మఱియొకవిధమున స్పష్టపఱచును. ఒక్కపెట్టున నింతమంది చేరుటచే బోధకులు చాలరైరి. బోధకుఁ డందుబాటున లేని పల్లెలలో విశ్వాసము సడలెను. పాత యాచారములు మఱలఁ దలయెత్తెను. కులభేదములును సంఘమున మిగిలియుండెను. ఆ కొఱతను దీర్చుటకై 1882–83 ప్రాంతమునఁ గంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల క్షేత్రములను వేఱుచేసి, పాఠశాలలను విస్తరింపఁజేసిరి. 1890 డిసెంబరు 28వ తేదీని ఒంగోలున మఱల నొక్కదినమున 1,671 మంది బాప్తిస్మము పొందిరి. 1933లో భారతదేశపు సామూహిక మతాంతరీకరణములను బరిశీలించి గ్రంథము ప్రకటించిన జె. వాస్కమ్ పికెట్టు సైతము, జనులు మొదట నేయుద్దేశముతో వచ్చిరనుటకంటె, వచ్చినపిమ్మట వారికి లభించిన శిక్షణమే వారి విశ్వాసదార్ఢ్యమును నిర్ణయించినదని తేల్చెను.

కాఁబట్టి ఒంగోలు సంఘచరిత్రను వ్రాయువారు 1878వ సంవత్సరముతో నారంభించుట క్రమము గాదు. వెల్లంపల్లి యేటియొడ్డున లెక్కకు వచ్చిన జనసంఖ్యకు మూలము తాళ్లకొండపాటి చింతతోపులోను, మూఁడునెలల కొకమాఱు కూడిన బోధకుల సమావేశములలోను ఉన్నది. కఱవు జనులను రప్పించెను. వారిని సంఘముగా నిలిపినది బోధ.