సిద్ధార్థకి ముందున్న ఆ వి.ఆర్. ఎవరు?

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో విజయవాడ పక్కన కానూరులో, వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. 1977లో పెట్టిన కాలేజీ అది. సిద్ధార్థుడెవరో చిన్నపిల్లాడైనా చెబుతాడు. మరి ఆ వి.ఆర్. ఎవరండీ అని మా టీములో నలుగుర్ని అడిగా. ఒక్కరూ చెప్పలేదు.

వెలగపూడి రామకృష్ణ గారు. ఐసీఎస్ ఆఫీసరు. తెల్లవాళ్ళ కాలంలో ఐసీఎస్ అంటే ఏడు తరాలు చెప్పుకునే ఉద్యోగం. అలాంటి కుర్చీ చూసిన మనిషి ఫ్యాక్టరీల వైపు తిరిగారు. 1941లో ఉయ్యూరు చక్కెర మిల్లుతో కేసీపీ మొదలైంది.

మాది ఉంగుటూరు. మా వైపు, నూజివీడు వైపు మామిడి సంగతి మీకు తెలిసిందే. కాయ కోసి లారీకెత్తితే మన పని అయిపోయింది, ఆ పైన లాభమంతా ఎవరిదో. చెరుకు అలా కుదరదు. కోశాక ఆలస్యమైతే గడలో పంచదార తగ్గిపోతుంది. అందుకని మిల్లే పొలం దగ్గరికి రావాలి. మిల్లొస్తే ఫిట్టరొస్తాడు, కెమిస్టొస్తాడు, లెక్కలు రాసే గుమాస్తా వస్తాడు. ఊరు మారిపోతుంది.

అయితే నాకు నచ్చింది చక్కెర కాదు. ఆ తర్వాతి అడుగు. 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో కేసీపీ భారీ యంత్రాల వర్క్‌షాపు పెట్టింది. చక్కెర మిల్లులకీ, సిమెంటు ఫ్యాక్టరీలకీ కావలసిన యంత్రాలు అక్కడ తయారుచేశారు. 1958లో మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ. అంటే సరుకు అమ్మడంతో ఆగలేదు, సరుకు చేసే యంత్రాన్నే చెయ్యబోయారన్నమాట.

ఇలాంటి కథ ఇంగ్లండులో ఇంకోటుంది. హెన్రీ బోల్కోవ్ అని ఒక జర్మన్. 1827లో న్యూకాజిల్ వచ్చి ధాన్యం వ్యాపారంలో కుదురుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఆన్‌సైట్ వెళ్ళినవాడు! 1841లో జాన్ వాన్ అనే ఇనుము పని తెలిసినవాడితో కలిసి మిడిల్స్‌బరోలో కార్ఖానా పెట్టాడు. 1801లో పాతిక మంది ఉన్న పల్లె అది. 1850లో పక్క కొండల్లో ఇనుప ఖనిజం దొరికింది, ఇంక ఆగలేదు. 1853లో ఆ ఊరికి మొదటి మేయరు, 1868లో మొదటి ఎంపీ అతనే. ఊరికి ఆల్బర్ట్ పార్కు ఇచ్చిందీ అతనే.

బోల్కోవ్ కొలిమి దగ్గర మొదలై పార్లమెంటుకెళ్ళాడు. రామకృష్ణ గారు సర్కారు కుర్చీ నుంచి కొలిమి దగ్గరికొచ్చారు. దారులు ఎదురెదురు. ఇద్దరికీ తెలిసిందొకటే, యంత్రం ఎక్కడుంటే బలం అక్కడ.

ఇప్పుడు మన సంగతి. రోజంతా వాడే ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, క్లౌడ్, ఇప్పుడొచ్చిన ఏఐ మోడల్స్... వీటిలో మనవెన్ని? గంటల లెక్కన మనుషుల్ని పంపడం నాకైతే మామిడికాయలు లారీకెత్తినట్టే ఉంటుంది. తప్పని అనను, ఆ లారీ ఎక్కే నేనూ ఇల్లు కట్టుకున్నా. కానీ చేతిలో జీతం, బుర్రలో చదువు, నాలుగు దేశాల అనుభవం ఉన్నవాళ్ళం, తిరువొత్తియూరు లాంటి అడుగు ఒక్కటైనా వెయ్యకపోతే ఎలా?

రామకృష్ణ గారికి మనకంటే భద్రమైన ఉద్యోగమే ఉండేది మరి. కాలేజీ పేరులో ఆ రెండక్షరాలు కనబడినప్పుడైనా ఓసారి ఆలోచించండి.