అంబాసిడర్ బండి డ్యాష్‌బోర్డు – మన ఉస్తాదుల చేతి చరిత్ర

ఈ సంవత్సరం సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, "చరిత్ర అంటే కోటలూ, రాజులూ తప్ప ఇంకేం వ్రాస్తామండీ, అవన్నీ చదువుకున్న పెద్దలు వ్రాసేశారు గదా" అన్నాను. "ఆయ్, మన వాళ్ల చేతి పనికి చరిత్ర లేదాండీ?" అన్నారాయన. ఆ ఒక్క మాట నన్ను మా మామూ గారి పాత అంబాసిడర్ కారు దగ్గరకు తీసుకుపోయింది. 2023లో ఆ కారు డ్యాష్‌బోర్డు విప్పి, బాగుచేసి, తిరిగి బిగించిన ముచ్చట ఇది. అందులో కారు చరిత్ర కొంత, మన ఉస్తాదుల చరిత్ర కొంత ఉన్నాయి.

ముందుగా డ్యాష్‌బోర్డు అనే మాట సంగతి. మోటారు కార్లు పుట్టక ముందు గుర్రపు బళ్లు ఉండేవి. గుర్రం పరుగెడుతుంటే గిట్టలు చిమ్మే బురద బండి తోలేవాడి మీద పడకుండా ముందు ఒక పలక అడ్డు కట్టేవారు. ఇంగ్లీషువారు దానినే డ్యాష్‌బోర్డు అన్నారు. గుర్రం పోయి ఇంజను వచ్చింది, బురద అడ్డు అక్కరలేకపోయింది, పేరు మాత్రం మిగిలింది. ఆ పలక మీదికి స్పీడోమీటరు, పెట్రోలు ముల్లు, లైట్ల స్విచ్చులు చేరాయి. గుర్రపు బళ్ల పెట్టెలు చేసిన వడ్రంగులే తొలి రోజుల్లో మోటారు బళ్ల పెట్టెలూ చేశారు కనుక, ఖరీదైన కార్లలో చెక్క పలకలు, మెరుగు పెట్టిన పట్టీలు ఒక మర్యాదగా నిలిచిపోయాయి. హైదరాబాదు వెళ్లినవారు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు పచ్చ రంగు రోల్స్ రాయిస్ కారు చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారి కాలంలో దానికి ఆర్డరు ఇచ్చారు. ఆయన 1911లో కాలం చేశారు, కారు ఆ తరువాత వచ్చింది. నూరేళ్లు దాటినా అది నేటికీ కళకళలాడుతోందంటే దాని వెనుక ఎందరి చేతులున్నాయో ఆలోచించండి.

రాజుల కారు సంగతి అలా ఉంచి, మన కారుకు వద్దాం. హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో బెంగాలులోని ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారును ఆధారం చేసుకుని 1957లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. మొదటి మార్కు కారుకు అచ్చు నగిషీ ఉన్న అల్యూమినియం డ్యాష్‌బోర్డు ఉండేది. 1963లో వచ్చిన మార్క్ 2లో దాని స్థానంలో చెక్క పనితనం కనిపించే పలక వచ్చింది. ముందు గ్రిల్లు కూడా చిన్న గళ్లతో మారింది. స్పీడోమీటరు, ఇతర గడియారాలు మాత్రం చాలా ఏళ్లు డ్యాష్‌బోర్డు మధ్యనే ఉండేవి. 1992లో ఇసుజు ఇంజనుతో వచ్చిన 1800 రకంలోనే అవి స్టీరింగు వెనక్కి జరిగాయి. 2014 మే నెలలో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది. అంటే యాభై ఏడేళ్ల పాటు ఒకే పెట్టె, ఒకే ఆకారం!

అన్నేళ్లు ఆ కారు ఎలా నిలబడింది? ఆ రోజుల్లో దేశంలో కారు చేసే పెద్ద కంపెనీలు మూడే. కలకత్తా వైపు హిందుస్థాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. విదేశీ కారు తెచ్చుకోవడానికి ఆంక్షలు, కొత్త కారుకు ఏళ్ల తరబడి ఎదురుచూపులు. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా ఇదే వరస. కనుక ఉన్న బండిని పారేసే ప్రశ్నే లేదు. పాడయినది బాగుచేయాలి, దొరకనిది చేసుకోవాలి. పెట్టె కట్టింది కంపెనీయే గానీ, దానికి ఆయుష్షు పోసింది మాత్రం ఊరూరా చెట్టు కింద షెడ్డు వేసుకున్న మెకానిక్కులు, టింకరింగు, పెయింటింగు, సీటు కుట్టే పనివారు. మన కుటుంబాల్లో ఆ పనుల మీద బ్రతికి, పిల్లల్ని చదివించుకున్నవారు ఎందరున్నారో ఈ సంచిక చదివే మీకు నేను చెప్పాలా?

మా మామూ గారి బండి 1964 నాటి మార్క్ 2. ఆయన దానిని 1974లో సెకండ్ హ్యాండులో కొని అమలాపురంలో టాక్సీగా తిప్పారు. పెళ్లివారు, పురిటి నొప్పుల వారు, రైలుకు వెళ్లేవారు అందరూ ఎక్కిన బండి. మన కోనసీమ సంగతి తెలిసిందే గదా, మూడు వైపులా గోదావరి పాయలు, ఒక వైపు సముద్రం. ఎదుర్లంక – యానాం వారధి 2002లో గానీ రాలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి బండి ఎక్కించి నరసాపురం చేర్చడం మామూ గారికి నిత్యకృత్యం. ఆ ఉప్పుగాలి, ఆ తేమ కారుకు పడవు. మన ఊళ్లలో తుప్పు బయటికి కనిపించేటప్పటికి లోపల సగం తినేసి ఉంటుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఎవరు మరిచిపోతారు? మా వీధిలో కొబ్బరి చెట్లు గడ్డి పరకల్లా పడిపోయాయి. బండి ఉన్న పాక కూలింది, వాన నీరంతా డ్యాష్‌బోర్డు మీదుగా కారింది. ఆ తరువాత ఆ బండి మళ్లీ కిరాయికి వెళ్లలేదు. మామూ గారు పోయాక దానిని పాత సామాను కింద అమ్మేద్దామని ఇంట్లో ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాం. మా మేనత్త మాత్రం ఒప్పుకోలేదు. "మీ అందరి చదువులూ ఆ బండే చదివించిందిరా" అన్నారావిడ.

సరే, బాగుచేద్దామని మామూ గారి కాలం నుంచి ఆ బండి చూసిన ఉస్తాద్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయనకప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. చేతులు కొంచెం వణుకుతున్నాయి. "నేను చెబుతాను, మా మనవడు విప్పుతాడు, నువ్వు పక్కన కూర్చుని వ్రాసుకో బేటా" అన్నారు. ఆయన చెప్పిన క్రమం ఇక్కడ వ్రాస్తున్నాను.

మొట్టమొదట బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసేయాలి. పాత వైర్ల మీద రబ్బరు పెళుసెక్కి ఊడిపోయి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. తరువాత ఏది విప్పినా ముందు బొమ్మ గీసుకోవాలి. ఏ రంగు వైరు ఏ స్విచ్చుకు వెళ్లిందో చీటీ కట్టాలి. స్క్రూలన్నీ ఒకే డబ్బాలో వేస్తే బిగించేటప్పుడు తలనొప్పి, పొడవు స్క్రూ పొట్టి చోట పడితే పలక పగులుతుంది. అందుకని ఉస్తాద్ గారు ఎండు కొబ్బరి చిప్పలు వరసగా పెట్టించి, సుద్దతో నంబర్లు వేయించారు. మొదటి చిప్పలో ఎడమ పట్టీ స్క్రూలు, రెండో దాంట్లో కుడివి, అలాగ. తుప్పు పట్టి కదలని స్క్రూకు కిరసనాయిలు చుక్క వేసి ఒక రాత్రి వదిలేశారు. "బలం పెడితే తల అరుగుతుంది, ఓపిక పెడితే అదే తిరుగుతుంది" అన్నారు. స్పీడోమీటరు వెనుక కేబులును చేత్తో తిప్పి వదులు చేశాకే గడియారాన్ని ముందుకు లాగాలి. చోకు మీట, స్విచ్చుల నట్లు తీసి, ఆఖరున పట్టీలు. పట్టీని ఒక చివర పట్టుకుని లాగితే వంగిపోతుంది, మళ్లీ తిన్నగా రాదు. సన్నని చెక్క ముక్క దూర్చి అంగుళం అంగుళం చొప్పున లేపాలి.

పలక బయటికి వచ్చింది. ప్లైవుడ్ మీద పల్చని టేకు పొర అంటించిన పలక అది. తుఫాను నీటికి పొర రెండు చోట్ల బుడగలా లేచింది. పైన నల్లటి జిడ్డు. డ్రైవర్లు మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవారు గదా, అది దుమ్మును పట్టి ఏళ్ల తరబడి పేరుకుపోయింది. మనవడు పలకను కడుగుదామని వెనక్కి తిప్పాడు. తిప్పి, "తాతా, ఇదేంటో వ్రాసుంది" అన్నాడు.

పలక వెనుక ప్రతి రంధ్రం పక్కనా పెన్సిలుతో ఉర్దూలో ఒక్కొక్క మాట. కుర్రవాడికి ఉర్దూ చదవడం రాదు. నాకూ అంతంత మాత్రమే. ఉస్తాద్ గారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు. బత్తీ, హారన్, పెట్రోల్, చాబీ. అలా చదువుతూ చదువుతూ ఆగిపోయారు. "ఇది మా ఉస్తాద్ చేతి వ్రాత" అన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదుట, కంపెనీ పుస్తకం ఎప్పుడూ చూడలేదుట. ఏ వైరు ఎక్కడిదో తరువాత వచ్చేవాడు తికమకపడకూడదని ఇలా వ్రాసి పెట్టేవారుట. ఆ తరువాత వచ్చినవాళ్లం మేమే అయ్యాం. నలభై ఏళ్లు దాటాక కూడా ఆ గుర్తుల ప్రకారమే వైర్లు సరిగ్గా కుదిరాయి.

అప్పుడు ఒక పేచీ వచ్చింది. పలక పాడయింది, దీన్ని పారేసి కొత్త ప్లైవుడ్ కోసి నిగనిగలాడే సన్‌మైకా అంటిస్తే ఒక్క పూటలో అయిపోతుంది, చవక కూడానని మనవడి మాట. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఉస్తాద్ గారు, "కొత్తది ఎవరైనా కొంటారు నాన్నా. ఉన్నదాన్ని నిలబెట్టడమే మన పని" అన్నారు. పాతదాన్నే బాగుచేశాం.

ఎలాగంటే, సబ్బు నీటి గుడ్డతో జిడ్డు తీసి, పలకను నీడలో వారం రోజులు ఆరనిచ్చాం. లేచిన పొర కింద జిగురు నింపి, పైన కాగితం పరచి, చెక్క పెట్టి బరువు వేశాం. పాత వార్నిష్‌ను గరుకు కాగితంతో, చెక్క ఈనె ఎటు పోతే అటే రుద్దాం. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, పాలిష్ వేశాక మరీ కనిపిస్తాయి. పొర కాగితమంత పల్చన, కాస్త ఎక్కువ రుద్దితే అడుగు ప్లైవుడ్ బయటపడుతుంది. ఆ తరువాత లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి, దూది చుట్టిన గుడ్డతో పల్చగా, పూత మీద పూత. గాలిలో తేమ ఎక్కువైతే లక్క పూత పాలిపోయి తెల్లబడుతుంది కనుక వానాకాలంలో ఈ పని కూడదు. మేము సంక్రాంతి వెళ్లాక ఎండ పొద్దుల్లో చేశాం. వెనుక వైపు గరుకు కాగితం తగలనివ్వలేదు. తేమ పట్టకుండా పెన్సిలు వ్రాత మీదుగానే లక్క పూత ఇచ్చాం. వ్రాత అలాగే ఉంది.

పట్టీల సంగతీ చెప్పాలి. అల్యూమినియం పట్టీకి ఇనుప స్క్రూ బిగిస్తే, ఆ రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. అందుకు స్క్రూ కింద చిన్న ప్లాస్టిక్ వాషరు వేశాం. అల్యూమినియాన్ని ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో తోమకూడదు, పులుపు దాన్ని తింటుంది. మెరుగు పూత ఉన్న ఇనుప పట్టీల్లో బాగా పొక్కినవాటిని మాత్రం పూతకు పంపాం. క్రోమియం పూత మెరుపుకే, తుప్పును ఆపేది దాని కింది నికెల్ పొర. అందుకే పాత తుప్పంతా తీసి, నికెల్ సరిగ్గా వేయకుండా పైపైన మెరుపు వేస్తే మన ఉప్పుగాలికి ఎక్కువ కాలం ఆగదు.

విప్పినప్పటి క్రమాన్ని తిరగేసి బిగించాం. కొబ్బరి చిప్పలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆఖరి చిప్పలో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. బ్యాటరీ తగిలించి స్విచ్చు నొక్కితే స్పీడోమీటరు దీపం వెలిగింది. మా మేనత్తను ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ ఏమీ అనలేదు, పలక మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చున్నారు.

పెద్దలకు, సోదరీ సోదరులకు నా మనవి ఒక్కటే. ఆ పెన్సిలు వ్రాత లేకపోతే ఆ ఉస్తాద్ ఒకరు ఉండేవారని మా తరం తరువాత ఎవరికీ తెలియదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట షెడ్లలో ఇలాంటి ఉస్తాదులు ఎందరో పనిచేశారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, వాళ్ల విద్య కాగితం మీద లేదు, చేతుల్లోనే ఉంది. ఆ చేతులు ఒక్కొక్కటే మన మధ్య నుంచి వెళ్లిపోతున్నాయి. ప్రతి ఇంట్లోనూ పాత ఉస్తాద్ ఒకరుంటే, ఆయన దగ్గర పిల్లలు ఒక సాయంత్రం కూర్చుని, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ షెడ్డులో చేశారు, ఏ పని ఎలా చేసేవారు అని అడిగి వ్రాసి, మన సంఘం కార్యాలయానికి అందజేయాలి. తెలుగులో వ్రాయండి, ఉర్దూలో వ్రాయండి, రెండూ మనవే. వచ్చే వార్షికోత్సవానికి మా బండిని, ఉస్తాద్ గారిని కూడా తీసుకువస్తాను. పిల్లలు ఆయనను అడగవలసినవి అప్పుడే అడగవచ్చునని విన్నవించుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.