నేలమాళిగలో మోగిన గంట

పెద్ద భవనాల ఏసీ ప్లాంట్లు చూసుకుంటూ బతికినవాణ్ణి. కంప్యూటర్ తెర మీద అన్ని అంతస్తుల ఉష్ణోగ్రతలూ ఒక్కచోట కనబడితే, అమెరికాలో ఎప్పటివాడో ఒక కాలేజీ పనివాడు గుర్తొస్తాడు.

విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అది. చలికాలంలో అతను గదిగదికీ వెళ్లి థర్మామీటర్ చూసి, నేలమాళిగలోకి దిగి వేడిగాలి డ్యాంపర్లు సరిచేసేవాడు. పాఠాలకు అడ్డు. అక్కడి అధ్యాపకుడు వారెన్ జాన్సన్, గదిలో వేడి మారితే కింద గంట మోగించే విద్యుత్ పరికరం తయారుచేసి 1883లో పేటెంట్ పొందాడు. అయినా డ్యాంపర్ తిప్పాల్సింది మనిషే.

1895లో ఆయన పేటెంట్ పొందిన గాలి ఒత్తిడి పద్ధతితో ఆ పనీ తప్పింది. థర్మోస్టాట్ సన్నటి గొట్టంలో ఒత్తిడిని మారుస్తుంది; ఆ ఒత్తిడే వాల్వునో డ్యాంపర్‌నో కదిలిస్తుంది. ఏ గదికి ఎంత కావాలో అంతే! ఇంధనం పొదుపులో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం.

జాన్సన్ స్థాపించిన కంపెనీయే 1972లో భవనాలను నడిపే జేసీ/80 మినీ కంప్యూటర్‌ను తెచ్చింది. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం. అప్పటిదాకా సౌకర్యం కోసం కొన్న పరికరాలను ఇక ఇంధనం బిల్లు చూసి కొనడం మొదలైంది.