పెట్రోలు బంకులో వట్టం

'వట్టం' అన్న మాట నేటి పిల్లలు విని ఉండరు. నాణెం మార్చినపుడు షరాబు మినహాయించుకొనే రుసుము అది. 1818లో మద్రాసు రాజధానిలో వరహాకు బదులు రూపాయి ప్రమాణ నాణెమయింది. కాలక్రమేణ వట్టమన్న మాటా మరుగున పడింది. మాట పోయినదే గాని వస్తువు పోలేదు. అది పెట్రోలు బంకులో మళ్ళీ కనబడింది.

మా తాటిపాకలో ఓఎన్‌జీసీ 2001లో చిన్న చమురుశుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. ఊళ్ళో చమురు శుద్ధి అయినా, బంకు దగ్గర మాత్రం అందరిలాగే మేమూ జేబు తడుముకోవలసినదే.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. బంకులలో పాత 500 రూపాయల నోట్లు డిసెంబరు 2 దాకా చెల్లినవి. కొన్ని బంకులలో డెబిట్ కార్డు గీకి 2,000 రూపాయల నగదు పుచ్చుకొనే ఏర్పాటు కూడా చేశారు. బంకే బ్యాంకయింది! డిసెంబరు 13 నుండి కార్డుతో చెల్లించేవారికి నూటికి ముప్పాతిక రూపాయి రాయితీ ఇచ్చారు.

ఆ వెంటనే చిక్కు వచ్చింది. కార్డు రుసుముకిచ్చిన తాత్కాలిక మినహాయింపు సంవత్సరాంతంతో ముగిసింది. ఇకపై నూటికి ఒక రూపాయి దాకా డీలర్లే భరించాలని కొన్ని బ్యాంకులు తెలిపాయి. నాడు లీటరు పెట్రోలు సుమారు డెబ్బై రూపాయలు. డీలరు కమిషను మూడు రూపాయల లోపే. అందులో డెబ్బై పైసలు పోతే మిగిలేదేమిటి? ధర పెంచే అధికారమూ అతనికి లేదు. కార్డులు తీసుకోబోమని 2017 జనవరి 8న డీలర్లు ప్రకటించి, ఆ రాత్రే 13వ తేదీకి వాయిదా వేశారు. కొనేవారిపై గాని డీలర్లపై గాని భారం పడదని కేంద్రమంత్రి ధర్మేంద్ర ప్రధాన్ చెప్పిన మీదట వివాదం సద్దుమణిగింది.

మరి భారమెవరిది? 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ వ్యాపారి రుసుము సున్నా అన్నారు. 2021లో ప్రభుత్వం బ్యాంకులకు ప్రోత్సాహకంగా 1,300 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అనగా వట్టం రద్దు కాలేదు, ఖజానాకు బదిలీ అయినది. ఖజానా ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

షరాబు వట్టమెంతో ముందే చెప్పి నాణెం మార్చేవాడు. నచ్చకపోతే ప్రక్క అంగడికి పోవచ్చు. కార్డు యంత్రం అలా చెప్పదు. ఇంధనంపై అదనపు రుసుము బంకు రసీదులో కాక, తరువాత బ్యాంకు పద్దులో ప్రత్యక్షమైన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రుసుము ఉండడం అన్యాయమని నేననను. సేవకు వెల ఉంటుంది. ఆ వెల ఎంతో, ఎవరిస్తున్నారో ముందుగా తెలియజెప్పడమే ధర్మం.